హ్యాండ్‌బ్యాగులో పిస్తోలా, కారం డబ్బానా?

మన హ్యాండ్‌బ్యాగుల్లో ఏముంటాయి? రుమాలు, దువ్వెన, తాళంచెవులు, చిల్లర డబ్బులు, తలనొప్పి మాత్రలు, ఫోను. ఆధార్ కార్డు సరే సరి. 2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి అది లేకుండా ఎవరమూ గడప దాటడం లేదు. ఇదివరకు మా రామన్నపేట నుంచి చిట్యాలకో, భువనగిరికో పోవాలన్నా ఇంట్లో మగవాళ్లు తీసుకుపోవాల్సిందే. ఇప్పుడు ఒక్కరమే పోయి వస్తున్నాం. ఆడపిల్లలు కాలేజీలకనీ, కోచింగులకనీ, ఉద్యోగాలకనీ పొద్దున పోయి పొద్దుగూకినాక దిగుతున్నారు. బస్సు దిగిన చోటు నుంచి ఇంటిదాకా ఉండే ఆ కాస్త దూరమే తల్లుల గుండెల్లో గుబులు.

అందుకే ఈ మధ్య చాలామంది బ్యాగుల్లో ఇంకొక వస్తువు చేరింది. పెప్పర్ స్ప్రే. అయితే కొన్న రోజు చూసిన డబ్బాను మళ్లీ తీసి చూసినవాళ్లు తక్కువ. అడుగున దువ్వెన కింద, బిల్లు కాగితాల కింద, పిల్లల క్లిప్పుల కింద పడి ఉంటుంది. డేటు అయిపోయిందో లేదో తెలియదు, మూత ఎటు తిప్పాలో తెలియదు. అట్లాంటిది ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. లేకపోవడమే నయం అనిపిస్తుంది నాకు, ఉందనే ధైర్యంతో చీకట్లో అడ్డదారిన నడవకుండా ఉంటాం గదా!

తుపాకీ మాట

2019 నవంబరులో శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర ఒక డాక్టరమ్మకు జరిగిన ఘోరం తరువాత ఎక్కడ నలుగురు ఆడవాళ్లు కూర్చున్నా ఒకటే మాట. "ఆడోళ్లందరికీ తుపాకులిస్తే అయిపోవు గదా, ఒక్కడన్నా దగ్గరికొస్తడా?" కోపంలో అన్న మాటే అయినా, అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఆ సంగతీ చూద్దాం.

ఆడవాళ్ల కోసమని మన దేశంలో ఒక చిన్న తుపాకీ తయారుచేశారు కూడా. ఢిల్లీ నిర్భయ ఘటన తరువాత, 2014 జనవరిలో కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీవాళ్లు 'నిర్భీక్' అనే రివాల్వర్ను విడుదల చేశారు. .32 బోరు, బరువు అర కిలో. హ్యాండ్‌బ్యాగులో పట్టేటట్టు టైటానియం కలిపిన లోహంతో తేలికగా చేశారు. నగల పెట్టెలాంటి మెరూన్ రంగు పెట్టెలో పెట్టి ఇచ్చేవారు. ధర అప్పట్లోనే 1 లక్షా 22 వేలు దాటింది. ఆ డబ్బుకు ఆ రోజుల్లో నిజంగానే మంచి నగ ఒకటి వచ్చేది! ఒంటరిగా రాత్రి షిఫ్టు చేసి వచ్చే అమ్మాయిలు ఎంతమంది అంత పెట్టి కొనగలరని అప్పుడే మహిళా సంఘాలవాళ్లు అడిగారు.

సరే, డబ్బుందనుకోండి. లైసెన్సు? 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి. కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనర్‌కు, మిగతా చోట్ల జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రాణభయం ఏమిటో చూపించాలి. పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారు. ఒంటికీ మనసుకూ ఆరోగ్యం బాగుందని డాక్టరు సర్టిఫికెట్, తుపాకీ భద్రంగా వాడడం నేర్చుకున్నట్టు శిక్షణ సర్టిఫికెట్ కావాలి. ఇన్నీ ఇచ్చినా ఇవ్వాలా వద్దా అన్నది అధికారి ఇష్టమే. వచ్చిన లైసెన్సును ఐదేళ్లకొకసారి మార్పించుకోవాలి, 2019 సవరణకు ముందు మూడేళ్లే ఉండేది. లైసెన్సు లేకుండా దొరికితే రెండేళ్లకు తక్కువ కాకుండా జైలు. భర్త పేరున లైసెన్సుంది కదా అని ఆ తుపాకీని భార్య బ్యాగులో పెట్టుకొని తిరిగినా నేరమే. ఎవరి లైసెన్సు వాళ్లది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. లైసెన్సు ఉన్నా జాతరకు, ఊరేగింపుకు, బహిరంగ సభకు, కాలేజీ ఆవరణలోకి తుపాకీ తీసుకుపోకూడదని లైసెన్సులోనే షరతులుంటాయి. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి రావాలి. మనం పోయేదేమో చెర్వుగట్టు జాతరకు, గుట్ట మీదికి, పిల్ల కాలేజీకి! పనికొచ్చే చోటల్లా ఇంట్లో పెట్టిపోవాల్సిన వస్తువన్న మాట.

ఇంట్లో పెట్టడం మాత్రం సులువా? గుళ్లు వేరే, తుపాకీ వేరే, రెండూ తాళంలో ఉండాలి. కాల్చిన ప్రతిసారీ గొట్టం లోపల కడ్డీతో, బ్రష్‌తో తుడవాలి. కుట్టుమిషన్‌కు వేసినట్టు పలుచగా నూనె పూయాలి, గుళ్లకు మాత్రం నూనె తగలకూడదు. తోలు కవరులోనే ఉంచేస్తే చెమ్మ పట్టి తుప్పొస్తుంది. బ్యాగులో వేసుకుంటే రుమాలు నూలు, పౌడరు, బిస్కెట్ పొడి అన్నీ దాని సందుల్లోకి పోతాయి. మధ్యమధ్య షూటింగ్ రేంజికి పోయి సాధన చేయకపోతే చేతికి అలవాటు తప్పుతుంది. అన్నిటికంటే ముఖ్యం, బ్యాగు గుంజుకొని పోయేవాడికి తుపాకీ కూడా మనమే ఇచ్చినట్టు. ఇంట్లో చాక్లెట్ల కోసం అమ్మ బ్యాగు వెతికే చిన్న పిల్లలుంటే ఇక చెప్పనే అక్కరలేదు.

మన నల్లగొండ ఆడవాళ్లకు తుపాకీ పట్టే ధైర్యం లేదని కాదు. మల్లు స్వరాజ్యం గారిది ఈ జిల్లానే. సాయుధ పోరాటంలో తుపాకీ పట్టి దళాన్ని నడిపితే నిజాం సర్కారు ఆమె తలకు 10 వేల రూపాయల వెల కట్టింది. తరువాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యారు, 2022 మార్చిలో కన్నుమూశారు. అయితే ఆమె వెనుక దళం ఉంది, ఊళ్లకు ఊళ్లు ఉన్నాయి. తుపాకులు దొరకని మామూలు ఆడవాళ్లు ఆ రోజుల్లో రజాకార్ల మీదికి ఏం పట్టుకొని లేచారు? రోకళ్లు, కారం పొడి. వంటింట్లోవే!

పొట్లంలో కారం

ఆ కారమే ఇప్పుడు డబ్బాలో వస్తోంది. "డబ్బా ఎందుకు, ఇంట్ల కారం లేదా, చిన్న పొట్లం కట్టుకుంటె సాలు" అని మా వీధిలో పెద్దమ్మ ఒకావిడ అంటుంది. పోరాటం నాడు ఇంట్లోకి వచ్చినవాడి మొహాన దోసిట్లో కారం కొట్టడం వేరు, రోడ్డు మీద పొట్లం విప్పడం వేరు. భయంతో వణికే చేతులతో ముడి విప్పేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. గాలి మన వైపు ఉంటే అంతా మన కళ్లలోనే. నాలుగు రోజులు బ్యాగులో ఉంటే చెమటకు, చెమ్మకు ఉండలు కడుతుంది. కొంతమంది కారం నీళ్లలో కలిపి సెంటు సీసాలో పోసుకుంటున్నారు. అది అసలు వద్దు. మిరపకాయ ఘాటు నూనెలో కరుగుతుందే గానీ నీళ్లలో కరగదు. పొడి అడుగున పేరుకొని సన్నని కన్నంలో అడ్డం పడుతుంది. నొక్కితే రెండు చుక్కలు మన వేళ్ల మీదే కారతాయి.

కొనేటప్పుడు

పెప్పర్ స్ప్రేకు లైసెన్సు అక్కరలేదు. ధర రెండు వందల నుంచి ఐదు వందల దాకా ఉంటుంది. మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పేరు పెప్పర్ అయినా లోపల మిరియాలుండవు. డబ్బా మీద ఓసీ అని రాసి ఉంటుంది, అంటే ఓలియోరెజిన్ క్యాప్సికమ్, మిరపకాయల నుంచి తీసిన చిక్కటి సారం. దాని పక్కన ఇంత శాతం అని ఉంటుంది. శాతం పెద్దదైతే ఘాటు ఎక్కువని దుకాణంవాళ్లు చెబుతారు. వంట చేసే మనకు ఆ మాట చెల్లదు. బ్యాడిగి కారం రెండు చెంచాలు వేస్తే కూర ఎర్రబడుతుందే గానీ గుంటూరు కారం ఒక్క చెంచా ఘాటు వస్తుందా? ఇదీ అంతే. శాతం కంటే ముందు తయారైన తేదీ, గడువు తేదీ చూడండి. సాధారణంగా రెండు మూడేళ్లు ఉంటుంది. ఆరు నెలల్లో గడువు తీరేది సగం ధరకు ఇస్తామన్నా తీసుకోకండి.

స్ప్రే వచ్చే తీరును బట్టి కూడా రకాలున్నాయి. కొన్ని సెంటులాగా పొగమంచులా వస్తాయి. గురి సరిగ్గా లేకపోయినా మొహానికి తగులుతాయి గానీ గాలి వీస్తే మనకూ తగులుతాయి. కొన్ని పిచికారీలాగా సన్నని ధారగా వస్తాయి. ఇవి కాస్త దూరం పోతాయి, గాలికి చెదరవు, గురి మాత్రం కుదరాలి. జెల్ రకం ఇంకా చిక్కగా ఉండి అంటుకుంటుంది, ధర ఎక్కువ. మన ఊళ్లలో బస్టాండు నుంచి ఇంటికి ఆరుబయట, గాలిలో నడిచేవాళ్లం కాబట్టి ధారగా వచ్చేది మేలని నా ఉద్దేశం. ఏ రకమైనా ఆరు నుంచి పది అడుగుల లోపే పనిచేస్తుందనుకోండి.

చేతిలోకి తీసుకొని చూడకుండా కొనవద్దు. కళ్లు మూసుకొని పట్టుకుంటే ముందు ఏదో వెనుక ఏదో వేలికి తెలియాలి. మూత ఒంటి చేత్తో, బొటనవేలితో తీయగలగాలి. రెండో చేతిలో సంచో, పిల్లో, ఫోనో ఉంటుంది కదా! లిప్‌స్టిక్ ఆకారంలో, తాళంచెవుల గొలుసుకు వేలాడేటట్టు ముద్దుగా వస్తున్నాయి. చూడ్డానికి బాగుంటాయి గానీ లోపల సరుకు రెండు మూడు సార్లకే అయిపోతుంది. తాళం లాక్ లేనివి అసలు వద్దు, బ్యాగులో ఏదో ఒత్తుకొని పేలితే ఆ బ్యాగును కాలువలో వేయాల్సిందే.

తెచ్చినాక పని

తేగానే ఒక మార్కర్‌తో గడువు నెల, సంవత్సరం డబ్బా మీద పెద్దగా రాయండి. గ్యాస్ సిలిండర్ మెడ మీద అక్షరం, సంవత్సరం చూసుకుంటాం కదా, అట్లాగే. తరువాత వంటింట్లో కాటా ఉంటే బరువు తూచి అదీ రాసి పెట్టండి. ఈ డబ్బాల్లో కారం సారం పాడవడం కంటే దాన్ని బయటికి నెట్టే గ్యాసు మెల్లమెల్లగా పోవడమే ఎక్కువ. ఆరు నెలలకొకసారి తూచితే, వాడకుండానే బరువు తగ్గిందంటే లీకవుతున్నట్టే.

ఒకసారి కొట్టి చూడాలి. ఇది చాలామంది చేయరు, డబ్బా ఖర్చయిపోతుందని. ఆరుబయట, మనుషులూ పశువులూ లేని చోట, గాలి వీపుకు తగిలేటట్టు నిలబడి, నిటారుగా పట్టుకొని, అర సెకను నొక్కితే చాలు. ఎంత దూరం పోతుందో, ఎట్లా వస్తుందో కంటికి తెలుస్తుంది. నొక్కడానికి ఎంత బలం కావాలో వేలికి తెలుస్తుంది. తరువాత కన్నం దగ్గర తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేసి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి. పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో కన్ను నలుపుకుంటే ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా?

నెలకొకసారి డబ్బాను బాగా ఊపండి, లోపలిది అడుగున పేరుకోకుండా ఉంటుంది. ఎండ దీనికి పెద్ద శత్రువు. 50 డిగ్రీలకు మించి వేడి తగలనీయొద్దని డబ్బా మీదే ఉంటుంది. మన దగ్గర మే నెలలో ఎండలో నిలిపిన స్కూటీ డిక్కీ, అద్దాలు మూసిన కారు అంతకంటే ఎక్కువే కాగుతాయి. పొయ్యి దగ్గరి గూట్లో, కిటికీ మీద కూడా పెట్టకండి. ఇంటికి రాగానే బ్యాగుతో పాటు పిల్లలకు అందని కొక్కేనికి తగిలించాలి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే మరీ జాగ్రత్త.

పొరపాటున ఎవరికైనా తగిలితే గాలి తగిలే చోటికి తీసుకుపోయి, కళ్లు నలపనీయకుండా, రెప్పలు ఆర్పుతూ చల్లని నీళ్లతో చాలాసేపు కడగాలి. కంట్లో పాలు, నూనె, నెయ్యి వేయకండి. మొహం సబ్బుతోనో, చిన్నపిల్లల షాంపూతోనో కడగొచ్చు. అరగంట, ముప్పావుగంటకు మంట తగ్గుతుంది. తగ్గకపోయినా, ఊపిరి ఆడకపోయినా ఆస్పత్రికి పోవాల్సిందే.

వాడేటప్పుడు

బ్యాగు అడుగున ఉన్నది లేనట్టే అని మొదటే అనుకున్నాం. నిర్మానుష్యంగా ఉన్న దారిలోకి అడుగు పెట్టే ముందే డబ్బా చేతిలో ఉండాలి. "దగ్గరికి రావద్దు" అని గట్టిగా అరవండి. వస్తే కళ్ల వరసకు అటునుంచి ఇటు ఒకటి రెండు సెకన్లు కొట్టి, పక్కకు జరిగి, వెలుతురున్న వైపు, మనుషులున్న వైపు పరుగెత్తండి. పడిపోయాడా లేదా అని నిలబడి చూడొద్దు. తాగినవాళ్లకు వెంటనే తెలియకపోవచ్చు, ఒకచేత్తో కళ్లు మూసుకొని ఇంకొక చేత్తో పట్టుకోవచ్చు. దూరం పోయినాక 112కు ఫోను చేయండి. షీ టీమ్స్ 2014 అక్టోబరు నుంచి ఉన్నాయి, వెంటపడేవాళ్ల మీద ముందే వాళ్లకు చెప్పుకోవచ్చు.

మూసి ఉన్న చోట మాత్రం కొట్టకండి. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో తెలంగాణ బిల్లు పెట్టిన రోజు మనమంతా టీవీల ముందే ఉన్నాం. విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొడితే అంత పెద్ద సభలో ఎంపీలు దగ్గుతూ, కళ్లు మూసుకొని బయటికి పరుగెత్తారు, కొందరిని ఆస్పత్రికి తీసుకుపోయారు. అంత పెద్ద సభలోనే అట్లా అయితే, సీటుకు ముగ్గురం కూర్చుని, నడిమధ్యలో నిలబడే పల్లెవెలుగు బస్సులో పిల్లల గతి ఏమిటి? బస్సులో వెకిలి చేష్టలకు మన అమ్మమ్మల నాటి పిన్నీసే సరైన మందు. దానితో పాటు గట్టిగా ఒక అరుపు, "కండక్టర్, బస్సాపు!" అని. హైదరాబాద్ మెట్రోలో 2019 డిసెంబరు నుంచి ఆడవాళ్లు స్ప్రే తీసుకుపోవచ్చు. విమానంలో చేతి సంచిలో ఒప్పుకోరు, దుబాయి పోయే చెల్లెళ్లు గుర్తుపెట్టుకోండి.

చట్టం మన వైపే ఉంది, కానీ దానికీ హద్దుంది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. మీద పడేవాడిని ఆపడానికి ఎంత అవసరమో అంత చేయవచ్చు. అంతేగాని నల్లా కాడ గొడవకు, గెట్టు పంచాయితీకి స్ప్రే తీస్తే మనమే ముద్దాయిలం. 2024 మేలో కర్ణాటక హైకోర్టు ఇట్లాంటి ఒక ఆస్తి తగాదాలో సెక్యూరిటీ గార్డు మీద స్ప్రే కొట్టినవాళ్లపై కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. ప్రాణానికి ముప్పు లేనప్పుడు అది ఆత్మరక్షణ కాదనీ, పెప్పర్ స్ప్రే కూడా ప్రమాదకరమైన ఆయుధమేననీ అన్నది.

డబ్బా చేయలేనిది

ఇంత చెప్పినాక ఒక మాట దాచకుండా చెప్పాలి. 2019 ఏప్రిల్‌లో మన యాదాద్రి జిల్లాలోనే, బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో ఏం బయటపడిందో అందరికీ తెలుసు. లిఫ్ట్ ఇస్తానని బండి ఎక్కించుకున్నవాడి చేతిలో ముగ్గురు ఆడపిల్లలు, వేరువేరు రోజుల్లో, ప్రాణాలు పోగొట్టుకున్నారు. పాడుబడ్డ బావుల్లో దొరికారు. వాడు కొత్తవాడు కాదు, ఊరివాడే. తెలిసిన మనిషే కదా అని బండెక్కిన పిల్ల చేతిలో ఏ డబ్బా పెడితే ఏం లాభం? ఆ వయసు పిల్లలకు స్ప్రే ఇవ్వడం కూడా తగదు, బడిలో ఒకరి మీద ఒకరు కొట్టుకుంటారు. వాళ్లకు కావల్సింది బడి వదిలే వేళకు వచ్చే బస్సు. బస్సు రాని ఊళ్లవాళ్లు నలుగురు తల్లులు కలిసి డిపో మేనేజరుకు అర్జీ పెట్టండి, సర్పంచితో సంతకం పెట్టించండి. ఆ అర్జీ జిరాక్సు కూడా మన హ్యాండ్‌బ్యాగులో ఉండాల్సిన వస్తువే.

పెద్ద పిల్లలకు, మనకు డబ్బా సరే. అది బ్యాగు అడుగుకు జారిపోకుండా ఒక చిన్న సంచి కుట్టుకోవచ్చు. పోచంపల్లి జాకెట్టు గుడ్డ మిగిలిన ముక్క చాలు. డబ్బా చుట్టుకొలత కంటే ఒక వేలు వెడల్పు ఎక్కువ, ఎత్తుకు రెండు వేళ్లు తక్కువ కత్తిరించండి, అప్పుడు మూత పైకి కనబడుతూ ఉంటుంది. లోపల పాత బనీను గుడ్డ అస్తరు వేస్తే జారదు. జిప్పు, గుండీ ఏమీ వద్దు. బ్యాగు పట్టీకి, మీరు పనిచేసే చేయి వైపు, బయటి పక్క కుట్టేయండి. గడువు తీరిన పాత డబ్బాను పొయ్యిలోనో, కాలే చెత్తలోనో వేయకండి, పేలుతుంది. ఒక ఆదివారం సాయంత్రం కూతుళ్లను, కోడళ్లను తీసుకొని చెలకలోకి పోయి, గాలి వాలు చూసుకొని, కంచె కర్రకు కళ్ల ఎత్తులో కాగితం కట్టి, అది ఖాళీ అయ్యేదాకా ఒక్కొక్కరూ కొట్టి చూడండి.